లేని కత్తెరకు క్షమాపణ

ఈ భూమ్మీద పదునుగా ఉన్న ప్రతి కత్తెరా మా అమ్మమ్మకు భయపడే పదునుగా ఉంది. మొద్దుగా ఉన్నవి ఆమె సంగతి ఇంకా విననివి. ఈ మాట మా సందులో టైలరు అన్నాడని రాద్దామనుకున్నాను. కానీ ఆయన మా అమ్మమ్మతో మాట్లాడి ఆరేళ్లయింది. కాబట్టి నేనే అన్నానని ఒప్పుకుంటున్నాను.

అమ్మమ్మ కత్తెరలకు సాన పడుతుంది. పాత మార్కెట్ భవనంలో వెనక గేటు పక్కన ఆరడుగుల స్టాలు ఆమెది. అందులో కాలితో తొక్కే సాన చక్రం, చక్రం మీదికి బొట్టు బొట్టుగా నీళ్లు కారే రేకు డబ్బా, గోడ నిండా మేకులు, మేకులకు కత్తెరలు. టైలర్లవి, సెలూన్ అతనివి, పూలు అమ్మేవాళ్లవి, తోటల్లో కొమ్మలు కత్తిరించేవాళ్లవి. ఆ చక్రం నిజానికి మా తాతది. ఒకసారి ఆయన మోకాలు వాచి వారం రోజులు మంచం దిగకపోతే అమ్మమ్మ వెళ్లి తొక్కింది. ఎనిమిదో రోజు తాత వచ్చి కూర్చుంటే, వచ్చినవాళ్లు వచ్చినట్టే కత్తెర చంకలో పెట్టుకుని "ఆవిడ ఎప్పుడొస్తారు?" అని అడిగారట. తాత అలిగి మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. అమ్మమ్మ ఒక్కసారైనా బతిమాలలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా చక్రం ఆమెదే.

ఆమె పద్ధతి వేరు. ఎవరు కత్తెర తెచ్చినా ముందు చేతిలోకి తీసుకోదు. ఒక తడి గుడ్డ ముక్క ఇచ్చి "కొయ్యి" అంటుంది. మొద్దు కత్తెరలో తడి గుడ్డ మడతపడిపోతుంది, తెగదు. ఎక్కడ మడతపడిందో, ఎక్కడ తెగిందో, కోసినవాడు బొటనవేలు ఎలా నొక్కాడో చూస్తుంది. ఆ పీలికనే కత్తెర పిడికి కట్టి మేకుకు తగిలిస్తుంది. చీటీ లేదు, నంబరు లేదు. సాయంత్రం మనిషి రాగానే ఆ పీలిక చూసి కత్తెర తీసి ఇస్తుంది, మళ్లీ తడి గుడ్డ కోయిస్తుంది. రెండు పీలికలూ పక్కపక్కన పెట్టి చూపించి గాని వదలదు. "మనిషి అబద్ధం చెబుతాడు, గుడ్డ చెప్పదు" అంటుంది. మనిషి ఆమెకు ఏ అబద్ధం చెప్పాడో, ఎప్పుడు చెప్పాడో నేను అడగలేదు. అడిగితే సాయంత్రం దాకా చెబుతుంది.

ఎదుటి స్టాలు గుండీలావిడది. గాజు సీసాల్లో రంగురంగుల గుండీలు పెట్టుకుని కూర్చుంటుంది. ఇరవై రెండేళ్ల కిందట ఆవిడ అమ్మమ్మను అడక్కుండా మేకుకున్న టైలరు కత్తెర తీసుకుని, దాంతో అట్టపెట్టె కోసింది. బట్టలు కోసే కత్తెరతో అట్ట కోయడం అమ్మమ్మ లెక్కలో మనిషిని కోయడంకంటే ఒక మెట్టు తక్కువ. అప్పటినుంచీ ఇద్దరూ రోజూ మాట్లాడుకుంటారు, పోట్లాడుకోవడానికి.

"ఏం వదినా, ఇవాళ ఎవర్నీ తిట్టినట్టు లేదే, ఒంట్లో బాలేదా?"

"నువ్వు ఇప్పుడేగా వచ్చావు."

ఇలా నడుస్తుండగా మార్కెట్ ఆఫీసువాళ్లు గేటుకు ఒక కాగితం అంటించారు. పాత భవనం కూలగొట్టేస్తారు. పక్కనే కట్టిన కొత్త భవనంలో పాతవాళ్లకే స్టాళ్లు ఇస్తారు, కానీ ఒక షరతు. అందరి సరుకూ, అందరి పనీ ఇకమీద ఆఫీసువాళ్ల వెబ్‌సైట్‌లో కూడా పెట్టాలి గనుక, ఆన్‌లైన్ వ్యాపారం గురించి ఎనిమిది రోజుల క్లాసు వినాలి. యాభై మార్కులకు పరీక్ష. ముప్పై అయిదు వస్తే స్టాలు. ఎక్కువ మార్కులవాళ్లకు మంచి స్టాలు. రానివాళ్లు సామాను సర్దుకోవాలి.

సామాను సర్దుకుని అమ్మమ్మ ఎక్కడికి పోతుంది? మేముండేది మూడో అంతస్తులో రెండు గదులు. ఆ చక్రం మెట్లు ఎక్కదు. ఎక్కినా కింది ఇంటివాళ్లు ఊరుకోరు. ఆ స్టాలు పోతే ఆమె పని పోయినట్టే, పని పోతే అమ్మమ్మ రోజంతా ఇంట్లో ఉంటుంది. ఈ రెండో సంగతి తలుచుకుని మా అమ్మకు నిద్ర పట్టలేదు. "నువ్వు కూడా వెళ్లవే, పక్కన కూర్చుని చెప్పు" అని నన్ను తరిమింది. నా చదువు పదో తరగతి, అదీ లెక్కల్లో రెండుసార్లు తప్పి ఆపేసింది. అయినా ఫోను ఎలా వాడాలో మా ఇంట్లో నాకే తెలుసు.

క్లాసు పై అంతస్తులో. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్ల బోర్డు, మెడకు టై కట్టుకున్న మాస్టారు. మొదటి రోజే ఆయన బోర్డు మీద "మీ కస్టమర్ మీకు తెలుసా?" అని రాసి, కస్టమర్ డేటా అంటే కొనేవాళ్ల గురించి మన దగ్గర ఉండే సమాచారం, అది లేని వ్యాపారం గుడ్డిది అని చెప్పాడు. అమ్మమ్మ ఆయన్ను కిందినుంచి పైకి చూసింది.

"మాస్టారూ, మీ ప్యాంటు అంచు కోసిన కత్తెర కొసన పట్టదు. సగం దాకా కోసి మిగతాది లాగేశారు. మీ టైలరు ఎడమచేతివాడు, కుడిచేతి కత్తెర వాడుతున్నాడు. ఇది మీరు చెప్పే డేటానేనా, వేరేదా?"

అందరూ వంగి ఆయన కాళ్ల వైపు చూశారు. అంచున దారాలు వేలాడుతున్నాయి. మాస్టారు వెళ్లి టేబుల్ వెనక నిలబడ్డాడు. ఆ ఎనిమిది రోజుల్లో మళ్లీ టేబుల్ ఇవతలికి రాలేదు. మా అమ్మమ్మకు శత్రువులను సంపాదించుకోవడానికి పావుగంట చాలు.

పాఠం తిరగేయించే పని నాది. స్టాల్లో సాన పడుతుంటే పక్కన నిలబడి చెప్పేదాన్ని.

"డొమైన్ అంటే మన స్టాలు నంబరు లాంటిది అమ్మమ్మా. నెట్‌లో ఆ పేరు కొడితే మన దగ్గరికే వస్తారు. హోస్టింగ్ అంటే మన బొమ్మలూ రాతలూ పెట్టుకోవడానికి అక్కడ తీసుకునే చోటు, దానికి అద్దె."

"ఆ పేరు నాదేనా?"

"ఏడాదికోసారి డబ్బు కడితే నీదే."

"కట్టకపోతే?"

"ఇంకొకళ్లు తీసుకుంటారు."

"అలాంటప్పుడు నాదెలా అయిందే? నువ్వు సరిగ్గా విని ఉండవు."

ట్రాఫిక్, లీడ్, కన్వర్షన్ అనే మూడు ముక్కలూ గేటు వైపు చూపించి చెప్పాను. గేటు ముందు నడిచి పోయేవాళ్లంతా ట్రాఫిక్. ఆగి "కత్తెరకు ఎంత?" అని అడిగి ఫోన్ నంబరు ఇచ్చినవాడు లీడ్. కత్తెర తీసి చేతిలో పెడితే కన్వర్షన్. చూసి ఏమీ చెయ్యకుండా పోతే బౌన్స్. నేను చెబుతుండగానే పసుపు చొక్కా ఆయన ఒకడు ఆగాడు. అమ్మమ్మ తలెత్తి చూసింది. ఆయన వెళ్లిపోయాడు.

"అదిగో, అదే బౌన్స్. వందమందిలో ఎంతమంది అలా పోయారో లెక్క కడతారు."

"ఎందుకు పోయారో చెబుతుందా నీ లెక్క?"

"చెప్పదు."

"నేను చెబుతాను. వాడి దగ్గర కత్తెరే లేదు. ఎండకు ఆగాడు."

"నీ మొహం చూసి పోయాడేమో?"

"నా మొహం చూసి పోయేవాడు కత్తెర తెచ్చినా కొయ్యడం రాదు. ఆ నీళ్ల డబ్బా నింపు."

క్లాసులో గుండీలావిడ మాత్రం వెలిగిపోయింది. కొనేవాళ్లు సరుకంతా బుట్టలో వేసుకుని డబ్బు కట్టకుండా మధ్యలో వదిలేస్తే దాన్ని అబాండన్డ్ కార్ట్ అంటారని మాస్టారు చెప్పగానే, "అయ్యో, అది నాకు రోజూ ఉండేదే సార్! దోసెడు గుండీలు ఏరించుకుని, చొక్కా తెస్తానని పోయినవాడు మళ్లీ కనిపిస్తేగా!" అంది. మాస్టారు మెచ్చుకున్నాడు. అమ్మమ్మ నా చెవిలో, "వాడు చొక్కా తేవడానికి పోలేదు, దీని వాగుడు వినలేక పోయాడు" అంది. చెవిలో చెప్పానని ఆమె అనుకుంది. గదంతా విన్నది.

అందరికీ ఫోన్లో ఒక్కో ప్రాక్టీసు పేజీ ఇచ్చారు. వేలిముద్రతో తెరుచుకునే ఏర్పాటు ఉంది గాని, అమ్మమ్మ వేళ్లకు ముద్రలు లేవు. సానరాయి ఎప్పుడో తినేసింది. ఫోను ఆమెను పదకొండుసార్లు ఎవరివి నువ్వని అడిగింది. పన్నెండోసారి ఆమె దాన్ని తిట్టింది. అందుకని పాస్‌వర్డ్ పెట్టాం, అది నేనే పెట్టాను, నాకూ తెలుసు. ఈ ఒక్క సంగతే తర్వాత నా కొంప ముంచింది.

ఆ పేజీలో రిటర్న్ పాలసీ రాయాలి, అంటే కొన్నది నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామా లేదా అన్నది. అమ్మమ్మ చెప్పింది, నేను టైపు చేశాను. "పట్టిన సాన వెనక్కి తీసుకోవడం కుదరదు. పోయిన ఇనుము తిరిగి రాదు. ముందే ఆలోచించుకుని రండి." మాస్టారు చదివి, తల గోక్కుని, దానికి నిండుగా మార్కులు వేశాడు. ఎందుకు వేశాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

ఆరో రోజు రివ్యూల పాఠం. కొన్నవాళ్లు మన గురించి రాసే మంచీ చెడ్డా రివ్యూ, వాళ్లు ఇచ్చే చుక్కలు రేటింగ్. అయిదు చుక్కలు గొప్ప, ఒక్క చుక్క ఘోరం. ఇంతవరకు చెప్పి మాస్టారు ఫోన్లు తెరవమన్నాడు. అందరి పేజీల కిందా ఒక్కో చుక్కతో ఒక్కో రివ్యూ ఉంది. అమ్మమ్మ పేజీ కింద ఇలా ఉంది. "కత్తెర మొద్దుగా వచ్చింది. డబ్బు దండగ."

నేను చదివి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది. మాస్టారు మిగతా సంగతి చెప్పడానికి నోరు తెరిచేలోగా అమ్మమ్మ చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. స్టాలుకు వెళ్లి ఒక డబ్బాలో తడి గుడ్డలు పెట్టుకుని, గడిచిన నెలలో కత్తెర ఇచ్చినవాళ్ల షాపులన్నీ తిరిగింది. వెనకాల నేను. సెలూన్‌లో ఒకాయన సగం గడ్డంతో, సబ్బు నురగతో కూర్చుని ఉన్నాడు. అమ్మమ్మ లోపలికి వెళ్లి గుడ్డ చాపింది.

"కొయ్యి."

"ఏంటమ్మా, కస్టమర్ ఉన్నాడు!"

"నా కత్తెర మొద్దుగా ఉందన్నావా?"

"నేనెందుకంటాను?"

"అయితే కొయ్యి."

కోశాడు. తడి గుడ్డ జారిపోతూ తెగింది. అమ్మమ్మ పీలిక జేబురుమాల్లో కట్టుకుని బయటికి వచ్చింది. సగం గడ్డం ఆయన అద్దంలోంచే దణ్ణం పెట్టాడు. పూలకొట్టు, పరుపులు కుట్టేవాళ్లు, మాటల్లేని మా సందు టైలరు కూడా. ఆయనతో మాట్లాడలేదు, గుడ్డ మాత్రం చాపింది. ఆయనా మాట్లాడకుండానే కోసి ఇచ్చాడు. పదకొండు షాపులు, పదకొండు పీలికలు. ఒక్కటీ మడతపడలేదు.

మర్నాడు ఆ మూట తీసుకెళ్లి మాస్టారు టేబుల్ మీద విప్పింది.

"ఎవడు వాడు? పిలిపించండి. కత్తెర తెచ్చుకోమనండి."

మాస్టారు కళ్లు మూసుకుని తెరిచాడు. "అమ్మగారూ, వాడు ఎవడూ లేడు. రివ్యూలన్నీ నేనే రాశాను. ప్రాక్టీసు కోసం. చెడ్డ రివ్యూ వస్తే మర్యాదగా ఎలా జవాబివ్వాలో నేర్చుకోవడానికి. ఇవాళ అయిదింటిలోగా మీరూ ఒక జవాబు రాయాలి. క్షమాపణ ఉండాలి. అయిదు మార్కులు."

"కత్తెర లేదా?"

"లేదు."

"తెచ్చినవాడు?"

"లేడమ్మా."

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కత్తెరే లేనప్పుడు మొద్దుగా ఎలా ఉంది మాస్టారూ? నేను దేనికి క్షమాపణ చెప్పాలి?"

"ప్రాక్టీసు అమ్మా!"

"అబద్ధం చెప్పడానికి ప్రాక్టీసు దేనికి? గుమ్మడికాయల దొంగ ఎవరంటే నేనొచ్చి భుజాలు తడుముకోవాలా?"

"నేను ఎప్పుడో రాసేశాను సార్" అని వెనకనుంచి గుండీలావిడ. ఆవిడకు వచ్చిన రివ్యూ గుండీలు విరిగిపోయాయని. ఆవిడ క్షమించమని, కొత్తవి పంపుతామని, చివర నవ్వు మొహం బొమ్మ కూడా పెట్టింది. అయిదుకు అయిదు.

"నీవి నిజంగానే విరుగుతాయిగా, నీకేం కష్టం?" అంది అమ్మమ్మ.

అప్పటికి మిగతా పరీక్షలన్నీ అయిపోయాయి. అమ్మమ్మకు వచ్చినవి ముప్పై రెండు. ముప్పై అయిదు కావాలి. నాకు లెక్కలు రావు గాని, ఇంత తీసివేత నాకూ వచ్చు.

"రెండు ముక్కలే అమ్మమ్మా. ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశానుగా" అని చక్రం తొక్కడం మొదలుపెట్టింది.

అయిదింటికి పది నిమిషాలుంది. ఫోను నా చేతిలో ఉంది. ఆమె కాలు చక్రం మీద, కన్ను కత్తెర మీద. నేను గేటు బయటికి వెళ్లి, పాస్‌వర్డ్ కొట్టి, టైపు చేశాను. "మీ కత్తెర మొద్దుగా రావడం పూర్తిగా మా తప్పే. దయచేసి క్షమించండి. మీ ఓర్పుకు కృతజ్ఞతలు." స్టాలు దక్కిందని గుండె తేలికపడింది. ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాను కూడా.

ఎనిమిదో రోజు మార్కులు చదివారు. అమ్మమ్మకు ముప్పై ఏడు. ఆమె నొసలు చిట్లించింది. మాస్టారు మాత్రం మంచి ఉత్సాహంగా ఉన్నాడు. ఓడించానన్న ఉత్సాహం. "ఈ బ్యాచ్‌లో అన్నింటికంటే చక్కటి జవాబు ఎవరిదో తెలుసా? మొదట మొండికేసినా, చివరికి అర్థం చేసుకున్నారు" అని నా వాక్యాలు మూడూ గట్టిగా చదివాడు. పూర్తిగా మా తప్పే అన్నచోట ఒక క్షణం ఆగి మరీ చదివాడు.

గుండీలావిడ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇరవై రెండేళ్లకు ఒప్పుకున్నావా వదినా, తప్పు నీదేనని!"

గదంతా నవ్వింది. అమ్మమ్మ నవ్వినవాళ్లను చూడలేదు. నన్ను చూసింది. నేను నేలను చూశాను. సాక్ష్యం అక్కడితో సరిపోయింది.

"నేననని మాట నా పేరు కింద పెట్టావు" అంది నెమ్మదిగా. ఆమె నెమ్మదిగా మాట్లాడటం నేను పుట్టాక అదే మొదలు. తిడితే బాగుండేది. తర్వాత లేచి నిలబడింది.

"మాస్టారూ, ఆ అయిదు మార్కులు కొట్టేయండి. రాసింది ఇది. నేను కాదు."

"అమ్మగారూ, కొట్టేస్తే ముప్పై రెండే. స్టాలు రాదు."

"తెలుసు. నాకు కూడికలు వచ్చు, తప్పింది ఇది."

నేను ఏడుస్తూ లేచాను. "సార్, తప్పు నాది. ఆవిడను రాయనివ్వండి సార్. ఆవిడ ఇంకా రాయనే లేదు కదా."

మాస్టారు గడియారం చూసుకున్నాడు. లిస్టు పన్నెండింటికి ఆఫీసుకు పంపాలి. ఆయనకు మా అమ్మమ్మ మీద దయ ఏమీ లేదు. కానీ తాను గదంతా వినేలా మెచ్చుకున్న జవాబు ఒక పదో తరగతి తప్పినదాని రాత అని పైకి తెలియడం కూడా ఆయనకు ఇష్టం లేదు. "ఇరవై నిమిషాలు. ఆవిడే టైపు చేయాలి. నువ్వు బయట నిలబడు" అన్నాడు.

తలుపు సందులోంచి చూశాను. ముద్రల్లేని ఆ వేలు ఒక్కో అక్షరం మీదికి వెళ్లి నొక్కుతోంది. కొన్ని అక్షరాలు ఎక్కడున్నాయో దొరక్క, గుండీలావిడ ఫోను లాక్కుని అందులో చూసుకుంటోంది. ఆవిడ "అది కాదు వదినా, కింద, కింద" అంటోంది. మాస్టారు చివరికి అందుకుని చదివాడు.

"కత్తెర పట్టుకుని రా. నా ఎదురుగా తడి గుడ్డ కొయ్యి. తెగకపోతే తప్పు నాది, మళ్లీ పడతాను, పైసా వద్దు. తెగితే తప్పు నీది, అందరి ముందూ చెప్పి పో."

"క్షమాపణ లేదు" అన్నాడు మాస్టారు.

"లేదు."

"కస్టమర్‌ను పట్టుకుని 'నువ్వు' అన్నారు."

"లేనివాణ్ణి 'మీరు' అనాలా?"

ఆయన కలం తీశాడు. "మళ్లీ చేసిస్తామన్న హామీకి రెండు. స్పష్టతకు ఒకటి. మర్యాదకు సున్నా" అని రాశాడు. మూడు. కూడితే ముప్పై అయిదు. నేను బయటే వేళ్ల మీద రెండుసార్లు కూడుకున్నాను.

ముప్పై ఏడుకు కిటికీ పక్క స్టాలు వచ్చేది. ముప్పై అయిదుకు వచ్చింది మెట్ల కింది స్టాలు, అందరికంటే ఆఖరిది. వెలుతురు లేదు, పగలే బల్బు వేసుకోవాలి. చక్రం నిలబెడితే పైన జానెడు కూడా లేదు. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు, చెప్పుల టపటప. "ట్రాఫిక్ అంతా నా నెత్తి మీదే" అని గుండీలావిడతో అంది. నాతో కాదు. నాతో తొమ్మిది రోజులు ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏదైనా కావలిస్తే మా అమ్మతో "దానికి చెప్పు" అనేది, నేను ఎదురుగా ఉన్నా సరే. పాస్‌వర్డ్ మార్చింది. ఎవరు నేర్పారో తెలియదు. కొత్తది ఇప్పటికీ నాకు చెప్పలేదు. ఆ ప్రాక్టీసు పేజీనే ఆఫీసువాళ్ల వెబ్‌సైట్‌లో పెట్టారు, దానికి కత్తెరలు వస్తున్నాయి. పార్శిల్‌లో ఒట్టి కత్తెర పంపితే తీసుకోదు, కోసిన పీలిక కూడా కలిపి పంపాల్సిందే. పంపుతున్నారు.

ఇదంతా రాసి, పదో రోజు మెట్ల కిందికి వెళ్లి, ఆమె ముందున్న స్టూలు మీద కూర్చుని, మొదటినుంచీ చదివి వినిపించాను. చక్రం ఆపకుండానే విన్నది. బాగుందా అని అడిగాను. అడగడంలో నా అసలు ప్రశ్న అది కాదని ఆమెకూ తెలుసు.

"అయిందా? లే. ఆ స్టూలు కత్తెర తెచ్చినవాళ్లది."